బరువా

అల్వాల్ రైలు గేటు పక్కన రేకుల షెడ్డు నాది.
శిలాఫలకాలు చెక్కుతాను.
దేశం పెద్దాయన పేరు నాలుగేళ్లుగా నా ఉలికి తెలుసు:
శ్రీ మైనాక చంద్ర బరువా, గౌరవ రాష్ట్రపతి.
పేరు మొదటి అక్షరానికి పైనొక మెలిక, కిందొక మెలిక.
ఆ కింది మెలిక దగ్గరే నల్లరాయి పెచ్చు లేస్తుంది,
ఊపిరి బిగబట్టి తిప్పాలి.

రాయిని ట్రాలీ ఆటోలోకి ఎత్తేటప్పుడు
హమాలీ ఖదీర్‌ది ప్రతిసారీ అదే ప్రశ్న:
"బరువా?"
రాయి మీది పేరు మీద వేలు పెడతాను.
"గదే రాసున్నది, సదువుకో."
నాలుగేళ్లుగా ఒకటే పరాచికం.
నాలుగేళ్లుగా నవ్వుతూనే ఉన్నాం.

ఐదో ఏడు రాళ్లు ఎక్కువయ్యాయి.
దిగిపోయే ఏడాది కదా,
తమ తెర ఆయన చేత్తోనే లాగించాలని అందరికీ ఆత్రం.
ఆసుపత్రికి కొత్త అంతస్తు,
ఆడపిల్లల హాస్టలు, విత్తనాల ప్రయోగశాల.
ఒక కాలేజీవాళ్లైతే
పాత భవనానికే రంగులేయించి కొత్త రాయి అడిగారు.
చెక్కాను. నా కూలి నాకొచ్చింది.

డిసెంబరులో ఆయన బొల్లారం వచ్చాడు.
రోడ్డు అంచులకు సున్నం, స్పీడు బ్రేకర్లకు సెలవు.
లోతుకుంట దగ్గర బండ్లన్నీ ఆపేశారు.
ఆయన పేరు మోసుకెళ్తున్న నా ట్రాలీ కూడా
ఆయన దాటిపోయేదాకా
ఎండలో నిలబడింది.

మా చెల్లెలి కొడుకు ఎల్లేశు
నిలయం తోటలో పాదులు తీస్తాడు. వాడే చెప్పాడు:
పొద్దున్నే మూలికల మళ్ల మధ్య ఒక్కడే నడుస్తాడట.
సరస్వతి ఆకు పేరు మూడుసార్లు అడిగి
మూడుసార్లూ మరిచిపోయాడట.
తేనీటి విందులో ఆరువందల మందితో చేతులు కలిపి
రాత్రి వేడినీళ్ల గిన్నెలో కుడిచెయ్యి పెట్టుకు కూర్చున్నాడట.
ఆ తర్వాత రెండింటిదాకా
చివరి గదిలో దీపం.

"ఏం జేస్తడురా అంతసేపు?"
"ఉరి పడ్డోళ్ల అర్జీలంట మామా.
దిగేలోపల తేల్చాల్నంట."

ఆ రాత్రి ఉలి పట్టుకున్నాను గానీ
సుత్తి లేవలేదు.
నాకు ఒక్క సున్నా పొరపాటు పడితే
పలక పోతుంది, మూడువేలు పోతాయి,
పెళ్లాం రెండు రోజులు మాట్లాడదు.
ఆయన చెయ్యి జారితే ఏం పోతుందో
ఆ లెక్క నాకు రాదు.

ఎండాకాలంలో ఒక గ్రంథాలయం వాళ్ల ఫోను:
"పేరు చెక్కెయ్యి. తేదీ ఖాళీగా ఉంచు, ఇంకా ఖాయం కాలే."
చెక్కాను. బంగారు రంగు నింపాను.
తేదీ చోట నాలుగు వేళ్ల వెడల్పు నలుపు.
దాని మీద దుమ్ము తుడవడం
రోజూ పొద్దున నా పనైంది.

వానలు పడ్డాయి. ఆషాఢం వచ్చింది.
లష్కర్ బోనాల డప్పుల్లో
టీకొట్టు టీవీ ఏం చెప్తోందో వినబడలేదు.
శాలువా, దండం, కారు తలుపు.
అద్దంలోంచి ఆయన చెయ్యి ఊపాడు.
మణికట్టు సరిగ్గా తిరగలేదు,
నేను చూశాను.
ఇరానీ చాయ్ మీద మీగడ కట్టింది.

వారం తిరగకుండానే మళ్లీ ఫోను:
"రాయి మంచిదే కదా?
ఎనక పక్క పాలిష్ కొట్టి కొత్త పేరు ఎయ్యి.
సగం పైసలిస్తం."

తిప్పి పడుకోబెట్టాను.
కొత్త పేరులో ఎక్కడా మెలికల్లేవు,
మధ్యాహ్నానికే పూర్తయింది.
నాకే ఏదో పని మిగిలిపోయినట్టుంది.

సాయంత్రం ఖదీర్ వచ్చాడు.
పాత పేరు కిందికి,
వాడి అరచేతుల్లోకి వెళ్లింది.
"బరువా?" అనలేదు ఈసారి.
రాయిని ట్రాలీలో దించి, చేతులు చూసుకుని,
వేళ్లకంటిన బంగారు పొడి లుంగీకి తుడుచుకుంటూ
"పట్టు మంచిగ దొరికింది ఉస్తాద్,
కింద ఏందో చెక్కున్నట్టున్నది" అన్నాడు.